పళ్ళేలు మార్చి చూసే మనిషి

మా మావయ్యకి టీ ఇస్తే తాగే ముందు గ్లాసు పైకెత్తి వెలుతురుకి పెట్టి చూస్తాడు. టీలో టీ తప్ప ఏముంటుంది? అయినా చూస్తాడు. బస్సెక్కితే టిక్కెట్టు రెండు వైపులా చదువుతాడు. డాక్టరు జ్వరం లేదని చెబితే ఇంటికొచ్చి తన మణికట్టు తనే పట్టుకుని కూర్చుంటాడు. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు అత్తయ్యని చూసి, "వీళ్ళక్కయ్యని కూడా ఒకసారి పిలవండి" అన్నాడట, తీరా పెళ్ళి రోజున ఒకరి బదులు ఇంకొకర్ని అంటగడతారేమోనని. ఏ చిన్న తగువొచ్చినా అత్తయ్య ఆ మాట బయటికి తీస్తుంది. "ఆ రోజే నేను లేచి లోపలికి వెళ్ళిపోవాల్సింది" అంటుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టె మా అమ్మకి తోడబుట్టిన అన్నయ్య.

అయితే ఆ అనుమానం ఆయనకి అన్నం పెట్టింది. బజారు వెనక వరసలో తక్కెడలు బాగుచేసే కొట్టు ఆయనది. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట ఉండాలి. కప్పుకి కొక్కేలు, కొక్కేలకి తక్కెడలు. పచారీ కొట్లవి, కూరగాయల బళ్ళవి, కంసాలి గాజుపెట్టెలో పెట్టుకునే బుల్లిది. గాలి వీస్తే అన్నీ కలిసి గలగలమంటాయి. బల్ల మీద ఆకురాయి, చిన్న సుత్తి, సీసం ముక్కలు, నూనె డబ్బా. తక్కెడ కాడకి నడిమధ్యన ఉండే సూదిని ముల్లు అంటారు, అది నిటారుగా నిలబడితేనే తూకం సరైనది. బజారులో అందరూ మావయ్యని ముల్లు మేస్త్రి అంటారు. ఆ పేరు ఆయన పనిని చూసి పెట్టారో, నోటిని చూసి పెట్టారో నేను అడగలేదు.

ఆయన పద్ధతి ఒకటుంది. ఎడమ పళ్ళెంలో తూకం రాయి, కుడి పళ్ళెంలో సరుకు పెట్టి ముల్లు నిలిచిందా లేదా చూడటం ఎవరైనా చేస్తారు. మావయ్య అక్కడితో ఆగడు. రాయి కుడికి, సరుకు ఎడమకి మార్పిస్తాడు. అప్పుడు కూడా ముల్లు నిలిస్తేనే అది తక్కెడ. కాడ ఒకవైపు గోరంత పొడుగున్నా మొదటిసారి బయటపడదు, మార్చినప్పుడు పడుతుంది. ఆ మార్చడం కూడా తను చెయ్యడు, తక్కెడ తెచ్చినవాడి చేతే చేయిస్తాడు. "నన్నెందుకు నమ్ముతావు? నీ చేత్తో మార్చి చూసుకో" అంటాడు. తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కున్నవాళ్ళ తక్కెడ ఆ రోజు తిరిగి ఇవ్వడు.

"కొనేవాణ్ణి ముంచే తక్కెడ ఎప్పటికైనా నా దగ్గరికొస్తుందమ్మా, ఎవడో ఒకడు గొడవపడి పట్టుకొస్తాడు" అని నాతో అంటూ ఉండేవాడు. "కొనేవాడికి మేలు చేసే తప్పుడు తక్కెడ మాత్రం రాదు. కొట్టువాడికి తెలీదు, తెలిసినవాడు చెప్పడు. అది హాయిగా బతికేస్తుంది."

అప్పట్లో ఈ మాట నాకు తమాషాగా ఉండేది. తర్వాత ఆ తక్కెడ మా ఇంటికే వచ్చింది.

మావయ్య గొప్పగా చెప్పుకునే కథ ఒకే ఒక్కటి. ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు దేశానికి రాజ్యాంగం రాశారు. రాసి అలాగే అచ్చు వేసుకోకుండా, ఇది మీకు సమ్మతమేనా అని ఊరూరా ఓటు పెట్టారు. తాతయ్య ఓటు వెయ్యడానికి వెళ్తూ మావయ్యని భుజాల మీద ఎక్కించుకున్నాడట. పైనుంచి చూస్తే బడి ముందు మొదలైన లైను బజారు దాటి పోయిందట. వేలి మీద సిరా చుక్క చెరిగిపోతుందని తాతయ్య ఎన్నో రోజులు ఆ వేలు ఎత్తిపెట్టుకునే అన్నం తిన్నాడట. "మనల్ని అడిగి రాసుకున్నదమ్మా అది" అని మావయ్య ప్రతిసారీ అదే మాటతో ముగిస్తాడు. నేను నడక నేర్చుకోకముందు నుంచి వింటున్నాను, ఒక్క అక్షరం మారదు.

ఆ రాజ్యాంగంలో ఇళ్ళ గురించి ఒక అధికరణం ఉండేది. మగవాడు కొడుకు లేకుండా పోతే అతని ఇల్లు అన్నదమ్ములకి చెందుతుంది. భార్యకీ కూతురికీ వాళ్ళు దయతలిస్తే నీడ. చివర ఒక వాక్యం: దీన్ని మార్చాలంటే మళ్ళీ దేశమంతా ఓటు వెయ్యాలి.

మా నాన్న కొడుకు లేకుండానే పోయారు. నేనున్నాను గానీ, ఆ అధికరణం లెక్కలో నేను మనిషిని కాను. ఇల్లంటే పెద్ద భవంతేమీ కాదు. వీధి వైపు గదిలో అమ్మ ఇస్త్రీ బల్ల, వెనక వంటగది, పైన ఇంకో గది. అమ్మ ఆ బల్ల మీద ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి నన్ను చదివించింది. ఆ చదువుతోనే నేను ఆసుపత్రిలో మందుల కౌంటర్లో పని తెచ్చుకున్నాను. ఇల్లు పోతే అమ్మకి నీడే కాదు, పనీ పోతుంది. నాన్నకి తమ్ముడు ఒక్కడే, మా బాబాయి. నెల తిరక్కుండానే పరామర్శకి వచ్చి, "వదినగారూ, మీకేం భయం, నేను లేనూ?" అంటూనే గోడ వెంట అడుగులు వేసి గది పొడవు చూసుకున్నాడు. వెళ్ళేటప్పుడు కిటికీ రెక్క ఊపి చెదలు ఉన్నాయేమోనని కూడా చూశాడు. ఇల్లు తన పేరుకి మార్చమని అర్జీ అప్పటికే ఆఫీసులో ఇచ్చేశాడని మాకు తర్వాత తెలిసింది.

అర్జీ ఇంకా ఆఫీసులో నానుతూ ఉండగానే రేడియోలో ఆ వార్త వచ్చింది. రాజధానిలో చట్టాలు చేసే సభవాళ్ళు ఇళ్ళ అధికరణం మార్చేశారు. ఇకమీదట భార్యకీ కూతురికీ హక్కు. ఇంకా చేతులు మారని ఇళ్ళన్నిటికీ ఇది వర్తిస్తుంది. అమ్మ ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. అమ్మ కాల్చిన చొక్కా జీవితంలో అదొక్కటే. వీపు మీద పెట్టె ఆకారం దిగిన ఆ చొక్కా పోస్టుమాస్టరుది. ఆయన విషయం విని నవ్వేసి, "ఉంచుకోండమ్మా, గుర్తుగా" అన్నాడు.

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి మావయ్యకి చెప్పాను. ఆయన చేతిలో ఆకురాయి ఆగింది.

"ఓటు ఎప్పుడు పెట్టారు?" అన్నాడు.

"పెట్టలేదు. సభలోనే చేసేశారు."

"ఓటు లేకుండా మార్చకూడదని రాసుంది కదా?"

మావయ్య ఆ సాయంత్రం పేపరు తెప్పించి ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చదివాడు. సంగతి ఏమిటంటే, సభవాళ్ళు ముందు రోజు ఆ చివరి వాక్యం ఒక్కటీ కొట్టేశారు. ఆ వాక్యం కొట్టెయ్యడానికి ఓటు కావాలని ఎక్కడా రాసిలేదు కదా అన్నారు. మర్నాడు మిగిలినదంతా మార్చారు. ఇప్పుడు ఓటు అక్కర్లేదు కదా అన్నారు.

"ముందు తాళం ఊడపీకి, తర్వాత తలుపు తీసే ఉంది కదా అని లోపలికొచ్చారు" అన్నాడు మావయ్య.

"లోపలికొచ్చి మనకి పెట్టిపోయారు మావయ్యా, ఎత్తుకుపోలేదు!"

"ఈసారికి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. దీపం వెలిగితే నూనె ఎవరిదని అడిగే మనిషితో ఏం మాట్లాడతాం? ఇంటికొచ్చి అమ్మతో చెబితే, "వాడంతే, నా పెళ్ళప్పుడు మీ నాన్న చదువుకున్న బడికి వెళ్ళి కనుక్కున్నాడు" అని నవ్వేసింది. నేను నవ్వలేదు.

నవ్వకపోవడమే మంచిదైంది. ఊరక రారు మహానుభావులు అన్నట్టు, కొద్దిరోజులకే బాబాయి మావయ్య కొట్టుకి వచ్చాడు. నేను మావయ్యకి క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. నన్ను చూసి కూడా బాబాయి తగ్గలేదు. ముఖం నిండా నవ్వు పులుముకుని, "ఏమ్మా, ఒళ్ళు చేశావే" అని, మావయ్య వైపు తిరిగి ఒక కాగితం బల్ల మీద పరిచాడు.

విషయం ఇది. వార్డులో ఇంటి యజమానుల్లో సగంమంది సంతకం పెట్టి అడిగితే, రాజ్యాంగం మార్చిన తీరు సరైనదో కాదో కోర్టు విని తీరాలి. అదీ పాత రాజ్యాంగంలో ఉన్నదే. కోర్టు సరి కాదంటే మార్పు ఆగిపోతుంది, ఓటు పెట్టేదాకా ఇళ్ళు పాత లెక్కనే చేతులు మారతాయి. అంటే మా ఇల్లు బాబాయికి.

"బావగారూ, ఇందులో నా స్వార్థం లేదని నేననను" అన్నాడు బాబాయి. "కానీ మీరు చెప్పండి, జనాన్ని అడక్కుండా మార్చింది నిజమా కాదా? మీ నాన్నగారు వేసిన ఓటుని నలుగురు కూర్చుని తుడిచెయ్యొచ్చా? మీరు పెడితే బజారంతా పెడుతుంది. ముల్లు మేస్త్రి సంతకం అంటే మాటలా!"

తేనె పూసిన కత్తి అంటే ఏమిటో ఆ రోజు చూశాను. వాడు మావయ్యకి డబ్బు ఇవ్వజూపలేదు, బెదిరించలేదు. మావయ్య మాటలే తెచ్చి మావయ్య ముందు పెట్టాడు.

మావయ్య కాగితం విసిరికొడతాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివాడు. వెనక్కి తిప్పి వెనకవైపు కూడా చూశాడు. తర్వాత, "ఉంచి వెళ్ళు, ఆలోచించుకోనీ" అన్నాడు.

బాబాయి వెళ్ళాక నేను ఊరుకోలేదు. "వాడెలాంటివాడో నీకు తెలీదా?"

"తెలుసు. వాడు నోరు తెరిస్తే అబద్ధం. కానీ అబద్ధాలకోరు చెప్పాడని నిజం అబద్ధమైపోతుందా అమ్మడూ?"

"మీ చెల్లెలు వీధిన పడుతుంది."

"ఆ సంగతి నాకు నువ్వు చెప్పాలా?" అని అరిచాడు. ఆయన నా మీద అరవడం అదే మొదటిసారి. పైన తక్కెడలన్నీ ఒకసారి ఊగినట్టు అనిపించింది. గాలే అయ్యుండాలి.

ఆ వారమంతా నేను మావయ్యని దొంగని కనిపెట్టినట్టు కనిపెట్టాను. కౌంటరు పని అయిపోగానే బజారు చుట్టు తిరిగి కొట్టు ముందు నుంచి వెళ్ళేదాన్ని. కాగితం బల్ల మీద సీసం ముక్క బరువు కింద అలాగే ఉండేది. సంతకం పెట్టాడా లేదా అని తొంగి చూసేదాన్ని. ఆయన జేబులో పెన్ను కనిపిస్తే తిరిగొచ్చి ఇంకోసారి చూసేదాన్ని. ఒకసారి టీ కొట్టు దగ్గర బాబాయి ఆయన పక్కన నిలబడి నవ్వుతుంటే, వీళ్ళిద్దరూ ఎప్పటినుంచో ఒకటేనేమో అనిపించింది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి మీద నాకు ఆ అనుమానం వచ్చింది. అనుమానం అంటురోగమని అత్తయ్య ఊరికే అనదు.

ఇక ఉండబట్టలేక అమ్మకి మొత్తం చెప్పేశాను. అమ్మ ఆదివారం మావయ్యని భోజనానికి పిలిచింది. తిన్నాక ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి, దుప్పటి పరిచి, పని మొదలుపెట్టింది. ఏదైనా గట్టిగా మాట్లాడాలంటే అమ్మ చేతులు ఖాళీగా ఉండకూడదు.

"కాగితం తెచ్చావా అన్నయ్యా?"

మావయ్య నా వైపు ఒక చూపు చూసి, జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"పెడతావా సంతకం?"

"పెట్టాలని లేదు చెల్లెమ్మా. కానీ పెట్టకపోతే నేను ఇన్నాళ్ళూ బజారులో చెప్పిందంతా ఏమిటి? నన్ను అడక్కుండా ఇవాళ మంచి చేశారు. అదే చేత్తో రేపు చెడు చేస్తే ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?"

"మనల్ని అడిగి రాసుకున్నది అంటావు కదా" అంది అమ్మ. "మనల్ని అంటే ఎవర్ని?"

"జనాన్ని. నాన్న వెళ్ళి ఓటు వెయ్యలేదూ? నేను భుజాల మీద..."

"నువ్వు భుజాల మీదున్నావు. నేనెక్కడున్నాను?"

మావయ్య కాగితం మీంచి తలెత్తి చెల్లెలి వైపు చూశాడు.

"నేను గుమ్మం పట్టుకుని ఏడుస్తున్నాను, నన్ను కూడా తీసుకెళ్ళమని. అమ్మ నన్ను లాగి లోపల కూర్చోబెట్టింది. ఎందుకో తెలుసా? అమ్మే వెళ్ళలేదు కాబట్టి. ఆడవాళ్ళకి ఆ రోజు ఓటే లేదు, అది తర్వాతెప్పుడో వచ్చింది. నీకు లైను బజారు దాకా కనిపించింది. అందులో ఒక్క చీర కనిపించిందా? మొగుడు పోతే ఇల్లు మరిదికి పోవాలని రాసిన మాటకి దేశమంతా ఓటు వేసిందంటావు. ఏ ఒక్క పెళ్ళాన్నైనా అడిగారా? రాయి, సరుకూ రెండూ మీ చేతుల్లోనే పెట్టుకుని, ముల్లు నిలబడింది అన్నారు. అందరి చేతా పళ్ళేలు మార్పిస్తావే, ఇది ఒక్కసారైనా మార్చి చూశావా?"

ఇస్త్రీపెట్టె ఆగకుండా తిరుగుతూనే ఉంది. మావయ్య ఆ కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఆయన ముఖం చూస్తే నాకు జాలి వేసింది. చేతిలో ఉన్న ఒకే ఒక్క కథ ఆయనకి ఆ మధ్యాహ్నం విరిగిపోయింది.

"అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు" అన్నాడు చివరికి. "రెండూ తప్పుడు తక్కెడలే."

"కావచ్చు. ఇదైతే నాకు నీడ ఇచ్చింది."

మావయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంతకం లేకుండానే జేబులో పెట్టుకుని లేచాడు. మర్నాడు దాన్ని బాబాయికి తిరిగి ఇచ్చేశాడు. ముల్లు మేస్త్రే పెట్టలేదంటే ఇందులో ఏదో ఉందని బజారు కూడా పెట్టలేదు. సంతకాలు సగానికి చేరలేదు, బాబాయి కాగితం మూలపడింది. ఇల్లు అమ్మ పేరు మీదికి వచ్చింది. బాబాయి వచ్చి, "పోనీలెండి వదినగారూ, సభవారి దయ" అని నవ్వుతూ వెళ్ళాడు. ఆ "దయ" అన్న మాటని అమ్మ గొంతులో ముల్లులా మింగడం నేను చూశాను.

నేను గెలిచాననుకున్నాను. కానీ మావయ్య మారిపోయాడు. టీ గ్లాసు ఎత్తి చూడటం మానేశాడు. ఒకరోజు కొట్టుకి వెళ్తే, కూరగాయలావిడ తక్కెడ తీసుకుని వెళ్ళిపోతోంది.

"పళ్ళేలు మార్పించలేదేం?" అన్నాను.

"ఏం మార్పిస్తాంలే."

"ఒంట్లో బాలేదా మావయ్యా?"

"తప్పని తెలిసీ ఒక తక్కెడ వదిలేశానమ్మడూ. అందులో మా చెల్లెలు కూర్చుని ఉందని వదిలేశాను. మళ్ళీ అయినా వదిలేస్తాను. కానీ ఇక ఇంకొకడికి మార్చి చూసుకో అని చెప్పడానికి నోరు రావట్లేదు."

ఆయన్ని అనుమానించినన్నాళ్ళు నాకు కోపం ఉండేది, అది నయం. ఈ దిగులుని ఏం చెయ్యాలో తోచలేదు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

ఏడాది గడిచాక సభవాళ్ళు మళ్ళీ అదే పని చేశారు. సభ గడువు పెంచాలంటే దేశమంతా ఓటు వెయ్యాలన్న వాక్యాన్ని ఒకరోజు కొట్టేశారు. మర్నాడు తమ గడువు తామే పెంచుకున్నారు. ఎన్నికలు ఇప్పట్లో లేవన్నారు. తిన్న నోరు ఊరుకుంటుందా!

బజారు భగ్గుమంది. అందరూ మావయ్య నోటి వైపు చూశారు. ఆయన ఆకురాయి మీదనుంచి తలెత్తకుండా, "నన్నడగొద్దు" అన్నాడు. చివరికి పండ్ల కొట్టాయన ముందుపడి బజారు సంఘం తరఫున కాగితం రాయించాడు. వార్డంతా తిప్పుతూ కొట్టుకి కూడా తెచ్చాడు. అమ్మ ఇస్త్రీ బట్టలు ఇచ్చి వస్తూ, నన్ను వెంటబెట్టుకుని, అప్పుడే అక్కడికి వచ్చింది.

"మీరూ ఇంటి యజమానే కదమ్మా, ఒక సంతకం పెట్టండి" అన్నాడాయన.

అమ్మని ఆ మాటతో పిలిచిన మొదటి మనిషి ఆయనే. అమ్మ కాగితం నా చేత చదివించుకుంది. సభ గడువు పెంచడం చెల్లదు, ఓటు పెట్టాలి అని ఉంది.

"మరి ఇళ్ళ సంగతి? అది కూడా ఇలాగే చేశారు కదా" అంది.

"అది మంచిదేగా అమ్మా! దాన్ని ఎందుకు కదపడం? అది వదిలేశాం."

"మనకి నచ్చింది వదిలేసి, నచ్చనిది పట్టుకుంటే కోర్టులో ఏమంటారు? ఇదే దారిన ఇల్లు వస్తే తీసుకున్నారు, ఇప్పుడు దారి బాలేదంటారేం అని అడగరూ? దాన్ని కూడా రాయండి. జనాన్ని అడక్కుండా మార్చినవి రెండూ ఓటుకి పెట్టమని రాయండి. అప్పుడు పెడతాను."

మావయ్య ఒక్క ఉదుటున లేచాడు.

"నీకు మతి పోయిందా చెల్లెమ్మా? ఓటు పెడితే ఏమవుతుందో ఎవరికి తెలుసు? దేశంలో ప్రతి ఇంట్లోనూ ఒక మరిది ఉన్నాడు. ఓడిపోతే?"

"ఓడిపోతే పోతుంది."

"వద్దు. నా మాట విను. అది వదిలెయ్."

"మార్చి చూడమన్నది నువ్వు కాదూ?" అంది అమ్మ. "అన్నయ్యా, ఇవాళ ఒక వాక్యం కొట్టేసి ఇచ్చారు. రేపు ఇంకో సభ వచ్చి ఇంకో వాక్యం కొట్టేసి తీసుకుంటుంది. అప్పుడు మా మరిది మళ్ళీ నవ్వుతూ వస్తాడు. సభవారి దయ అంటాడు. ఎన్నాళ్ళు వాడి నోట ఆ మాట వినను? ఈసారి లైనులో నేనుంటాను. నీ మేనకోడలుంటుంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఉంటారు. అందులో ఓడిపోతే అడిగి ఓడించారని ఏడుస్తాను. పైగా నా కోసం నువ్వు నోరు మూసుకున్నావు. నాకు ఇల్లు కావాలి గానీ, నీ నోరు తాకట్టు పెట్టిన ఇల్లు వద్దు."

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచేది అద్దాలో కళ్ళో తెలియలేదు.

నేను ఊరుకోలేకపోయాను. "నన్ను అడిగావా అమ్మా? నేను కూడా ఆ ఇంట్లోనే ఉంటున్నాను. అది నాది కూడా!" అని అందరి ముందూ అరిచాను.

అమ్మ నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో తప్పు పట్టుబడ్డ చూపు ఒక్క క్షణం కనిపించింది.

"అడగలేదు" అంది. "ఇప్పుడు అడుగుతున్నాను. పెట్టనా, వద్దా?"

పండ్ల కొట్టాయన, మావయ్య, అమ్మ, ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. కాదంటే అమ్మ నిజంగానే పెట్టేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే మరీ కోపం వచ్చింది. వద్దు అనడానికే నోరు తెరిచాను. బాబాయి గోడ వెంట వేసిన అడుగులు గుర్తొచ్చాయి. ఆ రోజు కూడా నన్నెవరూ అడగలేదు.

"పెట్టు" అన్నాను.

కాగితం మళ్ళీ రాయించి తెచ్చారు. అమ్మ మొదటి సంతకం పెట్టింది, రెండోది మావయ్య. ముల్లు మేస్త్రి చెల్లెలు ఇల్లు పణం పెట్టిందన్న మాట బజారంతా పాకింది. సాయంత్రానికి కాగితం నిండింది. వేరే వార్డులవాళ్ళు కూడా అదే రాసి పట్టుకెళ్ళారు. కోర్టు రెంటికీ ఓటు పెట్టమంది, ఇప్పటికే చేతులు మారిన ఇళ్ళు ఓటు తేలేదాకా అలాగే ఉంటాయంది. తేదీ మాత్రం సభవాళ్ళే చెప్పాలట. ఇంకా చెప్పలేదు. ఎందుకు చెప్పట్లేదో, ఈలోగా ఇంకే వాక్యం కొట్టెయ్యబోతున్నారో అని మేం రోజూ పేపరు రెండు వైపులా చదువుతున్నాం. బాబాయి ఇంటింటికీ తిరిగి మగవాళ్ళతో మాట్లాడుతున్నాడు, నవ్వుతూనే. అమ్మ ఇస్త్రీ బట్టలు ఇచ్చే ప్రతి గుమ్మంలోనూ ఆగి ఆడవాళ్ళతో మాట్లాడుతోంది. ఎవరిది మొగ్గుతుందో నాకు తెలియదు. రాత్రిళ్ళు నిద్ర సరిగా పట్టడం లేదు.

నిన్న అమ్మ గోడలకి సున్నం వెయ్యాలంది. మావయ్య నిచ్చెన మోసుకొచ్చి గుమ్మంలో నిలబడి గొణిగాడు. "ఓటు తేలనీరాదూ? వాళ్ళకి పోయే ఇంటికి మనం సున్నం వెయ్యడమేమిటి?"

"ఎప్పుడు పోతుందోనని ఇన్నాళ్ళూ వెయ్యలేదు. తర్వాత ఎవరో ఇచ్చారు కదా అని చెయ్యి రాలేదు" అంది అమ్మ. "ఇప్పుడు నా చేత్తో నేనే పళ్ళెంలో పెట్టాను అన్నయ్యా. నాది కాకపోతే ఎలా పెడతాను? నా ఇంటికి నేను సున్నం వేసుకోనా?"

మావయ్య సున్నం బకెట్టు ఎత్తి, నీళ్ళు ఎక్కువ కలిపారేమోనని వెలుతురుకి పెట్టి చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయన అలా చూడటం. నిచ్చెన కింద నేను పట్టుకుని నిలబడ్డాను. నన్ను నమ్మలేదు, రెండుసార్లు ఊపి చూసుకుని మరీ ఎక్కాడు.